బుడగల వెంట

నర్సింలు గాలి సిలిండర్లను ఒక్కొక్కటే భుజాన మోసుకొచ్చి బోటులోకి దింపుతున్నాడు. ప్రతిదాని మూతి కొంచెం తిప్పి, 'స్స్' మని గాలి రాగానే మళ్ళీ బిగించి, బల్లకింద వరసగా తాడుతో కడుతున్నాడు. ఎడమ చెయ్యి మోచేతి దాకా గుంజుతోంది. రాత్రి తిన్న పులుసు పడలేదనుకున్నాడు. కాస్త సోడా తాగి త్రేన్చాడు.

ఇవాళ శుక్రవారం. దోహాలో ఆఫీసులకు సెలవు. సెలవునాడే ఈ బోటుకు పని.

ఒడ్డున మారుతి నల్లని రబ్బరు తొడుగులోకి కాళ్ళు దూరుస్తున్నాడు. కొత్త తొడుగు. పిక్కల మీద బిర్రుగా పట్టింది. మారుతి నర్సింలు భార్య రాణికి తమ్ముడు. బోటు కడగడానికి మనిషి కావాలంటే, నర్సింలే కంపెనీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి అతనికి వీసా తెప్పించాడు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని గదిలో తన మంచం మీదనే రెండో మంచం వేయించాడు. పోయిన చలికాలం డైవింగ్ ట్రైనర్ హమీదుద్దీన్ ఏదో సరదాకి మారుతి ముఖానికి అద్దం కట్టి నీళ్ళలోకి దింపాడు. అప్పటినుంచి మారుతి దిగుతున్నాడు. నర్సింలు పైన ఉంటున్నాడు.

"బావా, జిప్పు అందుతలేదు. జర గుంజవా?"

నర్సింలు వచ్చి గుంజాడు. కావాలనే కొంచెం గట్టిగా గుంజాడు.

"తోలు పట్టుకున్నవ్ బావా!"

"నీ తోలు దొడ్డుదే. ఏం గాదు."

హమీదుద్దీన్ నవ్వాడు. పడవలో అప్పటికే కూర్చున్న ఇంజనీరు కృష్ణప్రసాద్ కూడా నవ్వాడు. కోనసీమ వైపు మనిషి, నెలకోసారైనా నీళ్ళలో దిగడానికి వస్తాడు.

ఊళ్ళో బావిలో బిందె పడిందంటే నర్సింలునే పిలిచేవారు. ఒక్క మునకలో అడుగుకు పోయి, బిందెతోబాటు గుప్పెడు బురద కూడా పట్టుకొచ్చేవాడు, అడుగు తాకానని చూపడానికి. గట్టున ఆడవాళ్ళు ఆ బురద చూసి మురిసేవారు. మారుతి నడుముకు బెండు కట్టి ఈత నేర్పింది ఆ బావిలోనే. బెండు విప్పితే మారుతి ఏడ్చేవాడు. ఆ మునకలకే నర్సింలు కుడిచెవి చీముపట్టి చెడింది. కంపెనీ డాక్టరు లైటు వేసి చూసి, తెరకు బొక్క ఉంది, ఇక నీళ్ళలో దిగేది 'మాఫీ', లేనే లేదు అన్నాడు. ఆ మాటతో అయిపోయింది.

బోటు తూర్పుకు సాగింది. గాలి లేదు. సముద్రం నూనె పోసినట్టుంది. చాలాసేపటికి నీళ్ళ రంగు మారింది. అరబ్బులు ఫష్త్ అనే పగడపు గట్టు ఇక్కడ మొదలవుతుంది. చెరువుకట్ట లోపలివైపు జారినట్టు మెల్లగా లోతుకు దిగుతుందట. నర్సింలు దాని మీదుగా ఎన్నిసార్లు వచ్చాడో లెక్క లేదు. ఒక్కసారీ చూడలేదు. రాత్రుళ్ళు పైమంచం మీంచి మారుతి చెప్పేదే వినడం.

"ఈదుడే ఉండది బావా. ఊకె ఉండాలె. నీళ్ళే తీస్కపోతయ్. బస్సుల కిటికీకాడ కూసున్నట్టు. పక్కపొంటి అన్నీ పోతుంటయ్, జింక కొమ్ములసొంటియి, పచ్చ చాపలు..."

"పండుకో ఇగ," అనేవాడు నర్సింలు. అన్నాక చాలాసేపు నిద్రపోయేవాడు కాదు.

పోయిన వారం రాణి పంపిన క్యాసెట్ విన్నారు. పిల్లల సంగతి, బర్రె సంగతి అయ్యాక రాణి గొంతు హుషారైంది. "తమ్ముడు సముద్రం అడుగుదాంక పోతుండట గదా. ఊరంత అదే ముచ్చట. మరి నువ్వేం జేస్తవ్ దుబాయిల?" ఊరివాళ్ళకు గల్ఫంతా దుబాయే. పైమంచం మీద మారుతి కిసుక్కున నవ్వాడు. నర్సింలు టేపు ఆపేశాడు. మిగిలింది ఇంకా వినలేదు.

"యల్లా," అన్నాడు హమీదుద్దీన్. ముగ్గురూ వెనక్కి ఒరిగి నీళ్ళలో పడ్డారు. హమీదుద్దీన్ పట్టుకున్న తాడు చివర కట్టిన ఎర్రబంతి నీళ్ళ మీద తేలుతూ అతని వెంట కదిలింది. ప్రవాహం వాళ్ళను గట్టు పొడవునా మోసుకుపోతుంది. ఇంజను సన్నగా నడుపుతూ, బంతినీ బుడగలనూ విడవకుండా వెంట పోవడం నర్సింలు పని. ఈ పనిలో లంగరు ఎప్పుడూ వేయకూడదు. వేస్తే బోటు నిలిచిపోతుంది, మనుషులు పోతారు.

బుడగలు మూడు చోట్ల లేస్తున్నాయి. చివరివి చిన్నవి, నింపాదివి. అవి మారుతివి. ఎంత నిబ్బరంగా పీలుస్తున్నాడు వీడు, బెండు విప్పితే ఏడ్చినవాడు.

నర్సింలు ఇంజను ఆపి, లంగరు తీసి నీళ్ళలో వదిలాడు.

తాడు బుసబుసమని దిగి బిగుసుకుంది. బోటు ఆగింది. బంతి ముందుకు పోతూ ఉంది. నిమ్మకాయంత అయింది. ఒక్కసారి వాడు పైకి తేలి నలుదిక్కులా చూడాలి. ఎక్కడా ఏమీ ఉండకూడదు. బావా అని అరవాలి. అరిచాక దగ్గరికి పోవచ్చు. బంతి కందిగింజంత అయింది. నర్సింలుకు నోట్లో తీపిగా ఊరింది.

తరువాత ఎండ తళుకులో బంతి కనబడలేదు.

అతను ఏమీ అనుకోలేదు. చేతులే తాడును పట్టుకున్నాయి. లంగరు ఎక్కడో ఇరుక్కుంది. కాలు అంచుకు తన్నిపెట్టి లాగాడు. రాలేదు. ఇంకోసారి, కళ్ళు బైర్లు కమ్మేదాకా లాగాడు. కింద ఏదో పటుక్కుమంది. లంగరు ఊడి పైకొచ్చింది. దాన్ని బోటు అడుగున పడేసి ఇంజను లేపి, తళుకులోకి పోనిచ్చాడు. బంతి దొరికింది. దాని పక్కకు వచ్చి ఇంజను ఆపాడు. బుడగలు మూడు చోట్లా లేస్తున్నాయి.

అప్పుడు చూశాడు. లంగరు కొక్కేనికి పగడపు కొమ్మ ఒకటి విరిగి వచ్చింది. జానెడు. గోధుమరంగు, కొసలు మాత్రం లేత ఊదా. తీసి వాసన చూశాడు. నాట్లప్పటి మడిలో నత్తల వాసన. అరచేతికి జిగురంటింది. జింక కొమ్ములాగానే ఉంది, వాడు అబద్ధం చెప్పలేదు. దాన్ని బల్ల మీద పెట్టి పక్కనే కూర్చున్నాడు. చెయ్యి నొప్పి ఇప్పుడు దవడ దాకా వచ్చింది. బోటు అంచుకు తల ఆనించాడు. ఇంజను లేకపోయినా బంతీ బోటూ ఒకే ప్రవాహంలో పక్కపక్కనే పోతున్నాయి. ఈదేది ఏమీ లేదు.

ముగ్గురూ తేలేసరికి బోటు చేయిచాపు దూరంలో ఉంది.

"మనకంటే ముందే వచ్చి నిలబడ్డాడండీ మీ బావగారు," అన్నాడు కృష్ణప్రసాద్.

"మా బావ బుడగల్ని ఇడువడు సార్," అన్నాడు మారుతి. "బావా, పండుకున్నవా? నిచ్చెన ఎయ్యి."

నిచ్చెన పడలేదు. మారుతి అంచు పట్టుకొని ఎక్కాడు. బావ భుజం కదిపాడు. మళ్ళీ కదిపాడు. హమీదుద్దీన్ ఎక్కి, మెడ మీద రెండు వేళ్ళు పెట్టి చాలాసేపు ఉంచి, తీసేశాడు. హమీదుద్దీన్ బోటును ఒడ్డుకు తిప్పాడు. మారుతి తొడుగు విప్పకుండానే, నర్సింలు తలను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు.

"లంగరు తడిగుంది. ఎందుకు ఏసిండు?" అన్నాడు హమీదుద్దీన్ ఒకసారి.

"మా బావ లంగరు ఎయ్యడు," అన్నాడు మారుతి.

బల్ల మీద పగడపు కొమ్మ ఎండకు ఆరుతోంది. ఊదా రంగు పోతోంది. దాని సందులోంచి కందిగింజంత పీత ఒకటి అంచుదాకా వచ్చి, ఆగి, మళ్ళీ లోపలికి పోయింది.