రెండో టేపు

బస్తా మూతి రెండు మడతలు వేసి, అరచేత్తో సాపు చేసి, దూలానికి స్ప్రింగుతో వేలాడుతున్న కుట్టుమిషన్ను మట్టయ్య కిందికి లాగాడు. అది ఈ చివర నుంచి ఆ చివరకు కుయ్యిమంటూ పరుగెత్తింది. దారం తెంపాడు. హమాలీ ఎల్లయ్య ఆ బస్తాను వీపున వేసుకుని నాలుగడుగులు వేసేలోపు ఇంకో బస్తా వచ్చి నోరు తెరుచుకుని నిలబడింది. మిర్యాలగూడ రైసుమిల్లులో పద్దెనిమిదేళ్లుగా అతని పొద్దు ఇలాగే గడుస్తోంది.

బక్కపలచని మనిషి. యాభై దాటి ఏడాది. కనుబొమ్మల మీద, చెవుల వెంట్రుకల మీద తవుడు దుమ్ము తెల్లగా పేరుకుని ఉంటుంది. ముక్కుకు తువ్వాల కట్టుకున్నా దగ్గు ఆగదు. ఎడమచేతి చూపుడువేలి గోరు నిలువునా రెండుగా చీలి ఉంది. మిల్లులో చేరిన రెండో ఏడు మిషను సూది అందులోంచి దూసుకుపోయింది. అంతకుముందు ఆ వేలి కొసన గిటారు తీగలు నొక్కీ నొక్కీ కాసిన కాయ ఉండేది. మిషను శ్రుతి కొంచెం తగ్గితే సూది మొండిబారిందని మేస్త్రీ కంటే ముందే అతనికి తెలిసిపోతుంది. ఆ సంగతి మిల్లులో ఎవరికీ చెప్పలేదు. సూది మార్చుకుంటాడు, అంతే.

"ఏందే మట్టన్నా, ఇయ్యాల దారం మూడుసార్లు తెగింది. మనసు ఏడుంది?" అన్నాడు ఎల్లయ్య.

"మిషన్ మీదనే ఉంది."

"ఏడిది! శనివారం గదా, మూడింటికి నెట్టుల పిలగాండ్లతోని ముచ్చట. మాతోని దినాం మూడు మాటలు మాట్లాడవు. మొకం తెల్వనోళ్లతోని గంటలు గంటలు మాట్లాడుతవ్."

"ఆళ్లు అడుగుతరు, నేను చెప్త."

"నేను గూడ అడుగుతున్న గదనే. జెల్ది కుడుతవా, కుట్టవా?"

చుట్టూ హమాలీలు నవ్వారు. మట్టయ్య కూడా తువ్వాల కింద నవ్వాడు. కానీ ఎల్లయ్య అన్నది నిజమే. ఈ రోజు నిజం చెప్పాలి. చెప్పకపోతే రేపు ఆ నెట్టు పిల్లల్లో ఒకడు హైదరాబాదులో బస్సెక్కి వచ్చేస్తాడు. వచ్చి, లేని పాటల టేపు ఇమ్మని చెయ్యి చాస్తాడు.

ఇది 2009 ఆగస్టు సంగతి. అసలు సంగతి అంతకు ఇరవై మూడేళ్ల ముందుది. మట్టయ్య చర్చిలో గిటారు నేర్చుకున్నాడు. సికింద్రాబాదులో ఎవరో వాడి అమ్మేసిన ఎలక్ట్రిక్ గిటారు తెచ్చుకుని, సూర్యాపేటలో డ్రమ్ములు వాయించే దామోదర్‌తో జతకట్టాడు. పిడుగు పార్టీ అని పేరు పెట్టుకున్నారు. కాలువ చివరి పొలాలకు అందని నీళ్ల మీద, తమ వాడ దగ్గర ఆపని బస్సు మీద పాటలు కట్టారు. మట్టయ్య గొంతు చించుకుని పాడేవాడు. పెళ్లికి పిలిచినవాళ్లు రెండో పాటకే చాలు చాలని చేతులు జోడించేవారు. కోదాడలో మైకుసెట్టు దుకాణం వెనక గదిలో పాటలు రికార్డు చేసి మూడు వందల క్యాసెట్లు వేయించారు. బస్టాండుల్లో తిరిగి అమ్మితే నలభై పోయాయి. మిగిలినవి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పంచారు.

రెండేళ్లకు అదే గదిలో ఇంకో ఏడు పాటలు రికార్డు చేశారు. దానికి కాపీలు తీయించే స్తోమతు లేదు. ఉన్నది ఒక్కటే టేపు. మరుసటి వారమే దామోదర్ భీవండి మగ్గాల పనికి వెళ్లిపోయాడు. సూర్యాపేట బస్టాండుకు మట్టయ్య సాగనంపడానికి వెళ్తే, కిటికీ పక్క సీటు దొరికినా మొహం అవతలికి తిప్పుకునే కూర్చున్నాడు. రెండు ఉత్తరాలు వచ్చాయి. ఆ తర్వాత రాలేదు. మనిషి ఉన్నాడో లేడో ఈ రోజుకూ తెలియదు.

ఆరు నెలల కింద చైతన్య అనే కుర్రవాడు హైదరాబాదు ఫుట్‌పాత్ మీద ఆ మొదటి క్యాసెట్ కొని నెట్టులో పెట్టాడు. ఎక్కడెక్కడి పిల్లలో విన్నారు. ఇలాంటి గొంతు ఎన్నడూ వినలేదని రాసుకున్నారు. అట్ట మీది కోదాడ చిరునామా పట్టుకుని మట్టయ్యను వెతికారు. అప్పటి నుంచి శనివారం మూడు గంటలకు ముచ్చట. జూన్‌లో ఒకరు, "రెండో రికార్డింగ్ ఉందంటారు, నిజమేనా?" అని అడిగారు. "ఉంది. ట్రంకుపెట్టెల పెట్టిన" అని మట్టయ్య నోరు జారాడు. ఆ మాట అన్నాక వారం వారం వచ్చేవాళ్లు పెరిగారు.

రెండు గంటలకు మిల్లు దిగి, కొళాయి కింద మొహం కడుక్కుని, బస్టాండు ఎదురుగా ఉన్న కృప నెట్ సెంటరుకు నడిచాడు. ఆ నాలుగొందల గజాలకే రెండుచోట్ల ఆగి రొమ్ము పట్టుకున్నాడు. కృప అతని చర్చి మనిషే. భర్త లేడు. నాలుగు కంప్యూటర్లతో సంసారం లాక్కొస్తోంది. మట్టయ్యకు టైపు రాదు కాబట్టి ఆమె చదివి వినిపిస్తుంది, అతను చెప్పింది కొడుతుంది.

"గిట్ల చెమటలేంది పెద్దనాయినా? దవాఖానకు పోయినవా?"

"పోత తియ్. ఎంతమంది వచ్చిండ్రు?"

"పద్నాలుగు మంది. మూడు కాకముందే వచ్చి కూసున్నరు." ఆమె తెర మీదికి వంగింది. "సాయిబాబు అడుగుతున్నడు, మూడో పాట చివర కుక్క మొరుగుతది గదా, కావాలనే పెట్టిండ్రా అని."

"అది మైకుసెట్టాయన కుక్క. దానికి మా పాట పడకపోతుండె అని కొట్టు."

కృప నవ్వుతూ కొట్టింది. "అందరు నవ్వుతున్నరు. ఇంకొకాయన, రెండో పాటల కింది నుంచి ఉరుమినట్టు వస్తది, అది ఏ వాయిద్యం అంటున్నడు."

"హైవే మీద లారీ. అన్నం పొద్దుకు లారీలు ఆగుతయని అప్పుడే పాడేటోళ్లం. అదొక్కటి ఆగలే."

అతని మొహంలోకి నెమ్మదిగా రక్తం వచ్చింది. ఈ గంటసేపు అతను బస్తాలు కుట్టే మట్టయ్య కాదు. కృపకు అది తెలుసు. అందుకే తర్వాతి మాట చదివే ముందు కొంచెం ఆగింది.

"చైతన్య రాసిండు. రేపు పదకొండుకల్లా వస్త, టేపు శుభ్రం చేసేటోళ్లతోని మాట్లాడిన, దామోదర్ గారి డ్రమ్ములు ఇనకుండ ఉండలేకపోతున్న అంటున్నడు."

మట్టయ్య చీలిన గోరును బొటనవేలితో రాశాడు.

"టేపు లేదని కొట్టు బిడ్డా."

"ట్రంకుల ఉందంటివి గదా!"

"లేదు. ఖతమై పందొమ్మిదేండ్లు."

అతను చెప్పాడు. ఆ ఏడు నిడమనూరులో ఎకరం కౌలుకు తీసుకుని జొన్న వేశారు. కంకి పాలు పోసుకునే వేళకు చిలుకలు గుంపులుగా దిగాయి. ఊళ్లో అందరూ పాడైన క్యాసెట్ల రీలు లాగి చేను చుట్టూ కట్టెలకు కడుతున్నారు. ఎండకు మెరుస్తుంది, గాలికి జుయ్యిమంటుంది, పిట్ట వాలదు. "ఏ క్యాసెట్లు కట్టమంటవ్?" అని భార్య సువార్తమ్మ అడిగింది. దామోదర్ ఉత్తరాలు ఆగిపోయిన రోజులవి. పాట అంటేనే మండిపడుతున్నాడు. తలెత్తి చూడకుండా, "డబ్బాల ఉన్నయన్ని తీస్కపో" అన్నాడు. ఆ రెండో టేపు కూడా ఆ డబ్బాలోనే ఉందని అతనికి గుర్తు రాలేదు. దాని మీద పేరు లేదు. నెలరోజులు చేను చుట్టూ అది జుయ్యిమంటూ మోగింది. పంట కోశాక ఖాళీ డబ్బా చేతికి దొరికితే, అది కూడా అందులోనే ఉండేదని గుర్తొచ్చింది. అప్పటికి ఎండకూ మంచుకూ రీలు నుసి అయిపోయింది.

"పెద్దమ్మకు చెప్పినవా?"

"చెప్పలే. చెప్తే బతికినన్ని దినాలు కుమిలేది. తెల్వకుండనే పోయింది." అతను దగ్గాడు. "నేనే కట్టిన అని కొట్టు. దాని పేరు ఎత్తకు."

కృప కొట్టింది.  తెర మీద జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి.

"ఏమంటున్నరు?"

"ఏం లే."

"ఉన్నది ఉన్నట్టు చదువు."

"సొంత పాటను ఎవడన్న గట్ల చేస్తడా అంటున్నడు ఒకాయన. ఇంకొకాయన, పిట్టలన్న ఆగినయా అని అడుగుతున్నడు. ఎక్కిరింతకు."

"ఆగినయి. ఆరు బస్తాల జొన్నలు ఎల్లినయి అని కొట్టు."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. తెర పక్కన వరుసగా ఉన్న పేర్లు తగ్గడం మొదలైంది. మట్టయ్యకు చదువు తక్కువైనా వరుస పొట్టిదవుతుండటం కనిపిస్తూనే ఉంది. సాయిబాబు పోయాడు. కుక్క సంగతికి నవ్విన వాళ్లూ, లారీ సంగతి అడిగినాయనా పోయారు. పోయొస్తామని ఎవరూ రాయలేదు. చివరికి ఒక్క పేరు మిగిలింది.

"చైతన్య ఉన్నడు పెద్దనాయినా. రెండు నెలల సంది అబద్ధం ఎందుకు చెప్పిండ్రు అని అడుగుతున్నడు."

మట్టయ్య కుర్చీలో వెనక్కి వాలాడు.

"లేదంటే పోతరని."

కృప ఆ రెండు మాటలూ కొట్టి ఎంటర్ నొక్కింది. చైతన్య ఏదో రాస్తున్నాడని తెర అడుగున కనిపించింది. అంతలో కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. యూపీఎస్ బ్యాటరీ చెడి వారమైంది, తెరలన్నీ నల్లబడ్డాయి.

"గీ కరెంటు కోత పెట్టేది ఇప్పుడే కావాల్నా ఈళ్లకు! జర కూసో పెద్దనాయినా, నీళ్లు తెస్త. పక్క దుకాణంల జనరేటర్ వైరు అడుగుత."

"తొందరేం లేదు బిడ్డా" అన్నాడు మట్టయ్య.

ఆమె ఐదు నిమిషాల్లో వచ్చింది. అతను ప్లైవుడ్ అడ్డుకు తల ఆనించి, తెర వైపే చూస్తూ ఉన్నాడు. పిలిచింది. భుజం పట్టి కదిపింది. చేతిలో గ్లాసు నీళ్లు ఒలికి అతని మోకాలి మీద పడ్డా అతను కదల్లేదు. కృప గట్టిగా అరిచింది. బస్టాండు ఆటోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. దవాఖానలో, తెచ్చేసరికే ప్రాణం పోయిందన్నారు.

మిల్లు నుంచి ఎల్లయ్య వచ్చాడు. మరునాడు పొద్దున చర్చి వెనక మట్టి చేశారు. పాట పెట్టడానికి ఎవరికీ ఏదీ తోచక పాస్టరుగారు ప్రార్థన ఒక్కటే చేశారు.

పదకొండు దాటాక బస్సు దిగి ఒక కుర్రవాడు నెట్ సెంటరు వెతుక్కుంటూ వచ్చాడు. కృప కళ్లు చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"చైతన్యవా?"

"అవునక్కా. నిన్న రాశాను కదా, టేపు లేకపోయినా వస్తానని. చదివారా ఆయన?"

 కరెంటు పోయింది తమ్ముడూ అనబోయి, కృప గుమ్మం పక్కకు చూసింది. అతను కూడా అటే చూశాడు. నిన్న లోపలికి వస్తూ మట్టయ్య విడిచిన రబ్బరు చెప్పుల జత అక్కడే ఉంది. ఎడమ చెప్పు పట్టీ ఎప్పుడో తెగితే, బస్తాలు కుట్టే తెల్లదారంతో దగ్గర దగ్గరగా, ఒక్క పోగూ వదులు కాకుండా కుట్టి ఉంది.