దేవుళ్లుగారి చిన్నకర్మ

సింహాద్రమ్మ నాటుసారా అమ్ముతుందని నర్సీపట్నం ఎక్సైజు స్టేషనులో అందరికీ తెలుసు. పట్టుకున్నవాళ్లే లేరు. మారువేషాల్లో వెళ్లిన ఇద్దరు కానిస్టేబుళ్లకూ చల్లటి మజ్జిగిచ్చి పంపేసింది.

"ఈసారి వెంకటదుర్గ వెళ్తుంది. ఉత్త చేతుల్తో వస్తే మళ్లీ ఆఫీసు పనే" అన్నారు ఎస్సై ఉమామహేశ్వరరావు. దాడులకు తననూ తీసుకెళ్లమని కానిస్టేబుల్ దుర్గ ఏడాదిగా అడుగుతోంది.

తలకు నూనె రాయకుండా, నలిగిన చీర కట్టుకుని, కోటవురట్ల రోడ్డులో ఉన్న ఆ ఇంటికి వెళ్లింది దుర్గ. జీపు మలుపులో ఆగింది.

"మా మాంగారు పోనారమ్మా. రేపు సిన్నకర్మ. ఆయనకి ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టాలి గదా. ఒక్క సీసా ఇప్పించమ్మా."

సింహాద్రమ్మ మొహం మెత్తబడింది. "ఎవులమ్మా మీ మాంగారు?"

పేరు సంగతి దుర్గ ఆలోచించుకోలేదు. నోటికొచ్చింది చెప్పేసింది. "దేవుళ్లు."

"సుట్టల దేవుళ్లు బావా!" సింహాద్రమ్మ గుండెలు బాదుకుంది. "పోయినారం వొచ్చి అడిగితే సరుకు లేదని తిప్పీసినాను. పండక్కి దాసుకున్నానమ్మా! ఆ కోరికతోనే పోనాడు."

దుర్గ ఇచ్చిన నోటు తోసేసి, జీడిపిక్కల బస్తాలు తనే పక్కకు లాగింది. వెనక వరసగా సారా డబ్బాలు. "ఒకటి సాలదు. డబ్బాయే అట్టుకెళ్లు."

దుర్గ సంచిలో చెయ్యి పెట్టి, ఫోన్లో ఎస్సైకి మిస్డ్ కాల్ ఇచ్చింది. అంతలో గుమ్మంలో చుట్ట వాసన.

"సరుకొచ్చిందేటే, సింహాద్రీ?"

సింహాద్రమ్మ డబ్బా వదిలేసింది. "కర్మ రేపు గదా బావా! అప్పుడే వొచ్చీసినావేటి?"

"ఎవులికే కర్మ?" అన్న దేవుళ్లు కళ్లు డబ్బాల మీద పడ్డాయి. "ఓసి నీ! ఇంత సరుకెట్టుకుని నాకు లేదంటావా?"

ఎస్సై వచ్చేసరికి దేవుళ్లు ఇంకా తిడుతూనే ఉన్నాడు. పంచనామాకు సాక్షి కావాలంటే చుట్టుపక్కల తలుపులన్నీ మూసుకున్నాయి.

"నానెడతాను సంతకం. ఇలా తెండి" అన్నాడు దేవుళ్లు.

"సూడండి సారూ, ఆ పిల్ల మాంగారు పోనాడంది, ఈడు సంతకమెడతానంతన్నాడు! ఏదో ఒకటి తేల్చండి" అంది సింహాద్రమ్మ.

ఎస్సై నవ్వు దాచుకోవడానికి అటు తిరిగారు. "దుర్గా, రేపు కొయ్యూరు దాడికి బేగి వచ్చెయ్యి. ముందు మీ మాంగారికి పెన్నివ్వు."