ఉక్కు డెక్కు కింద

హెస్లప్ టీ డబ్బాను ఉక్కు రేకులను బిగించే రివెట్లు కాల్చే కొలిమి అంచుకు తగిలించి, సుత్తి భుజాన వేసుకుని ఇంజను గదిలోకి దిగే నిచ్చెన పట్టుకున్నాడు. రెండు మెట్లు దిగి దగ్గాడు.

పైనుంచి రివెట్లు కొట్టే జాస్ రిడ్లీ వంగి అతని చెవిలో అరిచాడు. "అన్నా, ఇవాళ్టికి పైన కూర్చో. ఆ ఉక్కలో నీ ఛాతీ ఆగదు. మేస్త్రీ కూడా అదే అంటున్నాడు."

"మేస్త్రీ కొడుకు ఈ ఓడలో బొగ్గు వెయ్యడు. నావాడు వేస్తాడు. వాడి నెత్తిమీది కప్పు నేనే మూస్తా. నువ్వు దెబ్బ సరిగ్గా వెయ్యి. నిన్న మీ ఆవిడ పిండి పిసికినట్టు కొట్టావ్."

జాస్ నవ్వి దారి వదిలాడు.

హెస్లప్ టైన్ నది ఒడ్డున ఓడలు కట్టే పనికి చేరినప్పుడు యుద్ధనౌకలకు కవచం పక్కలకు తొడిగేవారు. ఒడ్డున నిలబడితే కనిపించేది. ఇప్పుడు కడుతున్న ఈ క్రూయిజర్‌కు పక్కల కవచం లేదు. ఉక్కు డెక్కు ఓడ లోపల ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిచారు. అది నడుమ ఉబ్బి, అంచుల్లో నీటి మట్టం కిందికి వంగుతుంది. గుండు ఓడ పక్కను చీల్చుకుని వచ్చినా ఆ వంపు మీద జారిపోవాలి. దాని కింద ఇంజన్లు, బాయిలర్లు, మందుగుండు, మనుషులు.

కిందికి దిగి లాంతరు ఎత్తాడు. వెలుగు చేరినంత మేరా ఉక్కే. అరచెయ్యి ఆనించాడు. పైన నడిచేవాళ్ల అడుగులు చేతికి తెలిశాయి. చర్చిలో తీసినట్టు టోపీ తీశాడు.

సుత్తుల మోతకు చెవులు ఏనాడో పోయాయి. జాస్ దెబ్బలు అతనికి ఎముకల్లో వినపడతాయి. రివెట్టు అయ్యాక జాస్ పైనుంచి రెండుసార్లు కొడతాడు. హెస్లప్ కిందనుంచి ఒకసారి కొడతాడు. అప్పుడే తర్వాతిది.

పొద్దు వాలేసరికి ఒక్క కన్నం మిగిలింది. హెస్లప్ పైనుంచి అందించిన ఎర్రగా కాలిన రివెట్టును పటకారుతో అందులోకి తోసి, దాని తల కింద సుత్తి ఆనించి, పై దెబ్బలకు కదలకుండా పిడిని భుజాన మోపాడు.

జాస్ ఆఖరి దెబ్బ వేసి రెండుసార్లు కొట్టాడు. జవాబు లేదు. మళ్లీ కొట్టాడు.

"ముసలాడు కునుకు తీస్తున్నాడేమో," అన్నాడు మేస్త్రీ టేట్.

ఇద్దరూ దిగారు. హెస్లప్ ఓడ పక్కటెముకకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సుత్తి రివెట్టు కిందే ఉంది, పిడి భుజం మీదే ఉంది. కళ్లు పైకి చూస్తున్నాయి. ఊపిరి లేదు.

టేట్ రివెట్టుకు ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క తట్టాడు. వదులైతే వేలికి తెలుస్తుంది. ఏమీ తెలియలేదు.

"బిగిసింది," అన్నాడు. "చల్లారేదాకా పట్టుకున్నాడు."

"అన్న కొడుక్కి నేను చెబుతాలే," అన్నాడు జాస్.

పైన కొలిమి ఆర్పడం ఎవరికీ గుర్తు రాలేదు. దాని అంచున డబ్బాలో టీ ఇగిరిపోతూ, మూత టకటకమని కొట్టుకుంటోంది.