పొర కింద ముఖం

యూట్యూబ్‌లో పెట్టడానికి చిన్న ముక్క కత్తిరిద్దామని ఆ ఉదయం రూతు ప్రాజెక్టు తెరిచింది. మసకగా ఉండాల్సిన తెర మీద ఒక్క క్షణం మారెక్క ముఖం స్పష్టంగా మెరిసి మాయమైంది.

రూతు వేలు మౌస్ మీదే ఆగిపోయింది. వెనక్కి జరిపి మళ్లీ చూసింది. మసక కరిగింది. ముక్కుపుడక, నుదుటి మీద మచ్చ, తడిసిన కళ్లు. మళ్లీ మసక కమ్మింది.

అనంతపురంలో సురేంద్ర స్టూడియోలో రూతు ఎడిటర్. రోజూ గార్లదిన్నె నుంచి బస్సులో వచ్చి పోతుంది. పెళ్లిళ్లు, చర్చి కూడికలు, కాలేజీ ఫంక్షన్లు అన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. ఇది మాత్రం వేరే పని. బాల్యవివాహాల మీద ఒక మహిళా సంఘం తీయించిన చిన్న సినిమా. అందులో కుందుర్పి దగ్గర పల్లెలో గొర్రెలు కాసుకునే మారెక్క మాట్లాడింది. తొమ్మిదో తరగతి చదివే కూతురు చౌడేశ్వరికి, ఇంటి పెత్తనం చేసే మరిది తిప్పయ్య సంబంధం కుదిర్చి ముహూర్తం పెట్టిస్తే, మారెక్క దొంగచాటుగా అధికారులకు ఫోన్ చేసి ఆ పెళ్లి ఆపించింది. ఫోన్ చేసిందెవరో తిప్పయ్యకు నేటికీ తెలియదు. ఆ ఏడాది మండలంలో ఆగిన పెళ్లిళ్లు చాలానే ఉన్నాయి కాబట్టి పేరు, ఊరు తీసేస్తే ఏ తల్లి మాటలో చెప్పడం కష్టం.

"నా మొగం మాత్రం రాకూడదు పాపా," అని షూటింగ్ రోజు మారెక్క రూతు చేయి పట్టుకుని అడిగింది. "మా మరిదికి తెలిసిందంటే నన్ను ఊర్లో ఉండనీడు. నా బిడ్డను యాడికో ఎత్తకపోయి తాళి కట్టిస్తాడు."

"రాదు అక్కా. నేను చూసుకుంటా," అంది రూతు.

చూసుకుంది కూడా. కింది లేయర్‌లో, అంటే కింది పొరలో, అసలు వీడియో ఉంచి, దాని మీద అదే వీడియోని పూర్తిగా మసక చేసి కప్పింది. గొంతు మార్చింది. పైది కప్పి ఉన్నంతసేపు కిందిది కనిపించదు. నిన్న మధ్యాహ్నం సురేంద్ర వచ్చి చూసి, "ముక్కల మధ్య కట్లు ఎగిరెగిరి పడతాండాయి కదమ్మా. ఒగదాంట్లోకి ఒగటి మెల్లగా కలిసేట్ల ట్రాన్సిషన్లు వెయ్," అన్నాడు. రూతు ముక్కలన్నిటినీ కలిపి ఎంచుకుని ఒకేసారి వేసేసింది.

తప్పు అక్కడే జరిగింది. కింది ముక్కలు ఒకే వరుసలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఇంకొకదానిలో చక్కగా కలిసింది. పై మసక ముక్కలు మాత్రం మెట్ల మాదిరి ఒకటి రెండో లేయర్‌లో, ఒకటి మూడో లేయర్‌లో ఉన్నాయి. కలవడానికి పక్కన ముక్క లేనందువల్ల ప్రతిదీ చివర్లో కరిగి మాయమైంది. తర్వాతిది నిదానంగా తేలేలోపు కింద దాగిన ముఖం బయటపడింది. మారెక్క మాటల్లో అలాంటి అతుకులు ఆరేడు ఉన్నాయి.

ఆ సినిమా ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో సంఘం కార్యకర్త ఆంజనేయులు జేబులో ఉంది. కుందుర్పిలో ఈ రోజే సభ. ఊరూరి నుంచి ఆడవాళ్లను, పెద్దమనుషులను పిలిచారు. పెద్దమనుషులంటే తిప్పయ్య కూడా.

రూతు ఆంజనేయులుకు ఫోన్ చేసింది. అందుబాటులో లేదని వచ్చింది. మళ్లీ చేసింది. మళ్లీ అదే. "సినిమా వేయొద్దన్నా" అని వాట్సాప్‌లో పెట్టింది. ఒక్క టిక్కు దగ్గరే ఆగింది.

"సురేంద్రన్నా!" రూతు కేకేసింది.

సురేంద్ర వచ్చి తెర చూశాడు. రెండోసారి చూడలేదు. "ఏమ్మా ఇది? చూడకుండానే ఇచ్చేసినావా?"

"చూసినా అన్నా. కంప్యూటర్ మూల చిన్న కిటికీలో చూసినా. కనపడలే. ఆడ పెద్ద తెర మీద వేస్తారు." రూతు సంచి అందుకుంది. "బండి మీద పోదామా అన్నా?"

"మనం కళ్యాణదుర్గం దాటేలోపలే ఆడ సభ అయిపోతాది." సురేంద్ర గదిలో అటూ ఇటూ తిరిగి, ఫోన్ తీసి పేర్లు వెతకసాగాడు. "శివప్ప ఉండాడు. కుందుర్పిలో ఫోటోలు తీస్తాడు. పెండ్లిళ్లకు మనతో వచ్చినాడు చూడు, ఆయప్ప."

మొదటి రింగు పూర్తి కాకముందే రూతు ఆ ఫోన్ లాక్కుంది.

"శివప్పన్నా, నేను రూతును. సభ జరిగే హాలుకు ఉరుకన్నా. ఆంజనేయులన్న ఉంటాడు. ఆయప్పకు ఈ ఫోన్ ఇయ్యి."

"ఏంటికమ్మా? ఏమైంది?"

నోటి దాకా వచ్చిన మాట రూతు ఆపుకుంది. కారణం చెబితే ఆ రహస్యం తానే ఊళ్లో చాటినట్టవుతుంది. "సినిమాలో దోషం ఉండాదన్నా. అంతే. తొందరగా పో."

శివప్ప పరుగెత్తుతున్న చప్పుడు, కుక్క అరుపు, ఎవరో "యాడికప్పా?" అని అడగడం. రూతు ఫోన్‌ను చెవికి ఎంత గట్టిగా అదిమిందంటే చెవి నొప్పి పుట్టింది. అంతలో ఆమెకు వినపడింది. తాను మార్చిన గొంతు, లావుగా, నిదానంగా. "ఆ దినం నాకు చేతులు వణికినాయి..."

సినిమా మొదలైపోయింది. ఆ వాక్యం తర్వాతే మొదటి అతుకు.

"ఏమ్మా, షో నడుస్తాండాదే," ఫోన్ అందుకున్న ఆంజనేయులు గుసగుసగా అన్నాడు.

"మూయన్నా! ప్రొజెక్టర్ లైటు మూయి. చేతికి ఏది దొరికితే అది అడ్డం పెట్టు. ఏంటికని అడగొద్దు, నీకు దండం పెడతా."

కాగితాల గరగర వినిపించింది. హాల్లో "ఏయ్, బొమ్మ పోయింది!" అని ఎవరో అరిచారు. పంచడానికి తెచ్చిన కరపత్రాల కట్టను ఆంజనేయులు లైటుకు అడ్డం పెట్టాడు. గొంతు మాత్రం ఆగలేదు. చీకటి తెర ముందు ఆ తల్లి మాటలు సాగుతూనే ఉన్నాయి. అరుపులు తగ్గాయి. జనం వింటున్నారు.

ఎన్ని అతుకులు దాటిపోయాయో ఎవరూ చెప్పలేకపోయారు. ఒకటో, రెండో. సభ ముగిశాక కారణం తెలుసుకున్న ఆంజనేయులు, "తిప్పయ్య ముందు వరసలోనే ఉండె. ఏమీ అనలేదు. చూసినాడో లేదో నాకు తెల్దమ్మా," అన్నాడు.

ఆ రోజు మిగిలిన పగలంతా రూతు పని మీదే కూర్చుంది. ప్రతి అసలు ముక్కనీ దాని మీది మసకతో కలిపి ఒకే క్లిప్‌గా కట్టేసింది. ట్రాన్సిషన్ ఆ కట్టకు వేస్తే రెండు లేయర్లూ కలిసే కరుగుతాయి. తర్వాత అది కూడా నమ్మబుద్ధి కాలేదు. అసలు ముక్కలను తీసేసి మసకను, గొంతును మాత్రమే ఉంచింది. కింద ముఖమే లేకపోతే బయటపడేది ఉండదు. స్టూడియోలోని పెద్ద టీవీకి తగిలించి, ప్రతి అతుకు దగ్గర ఆపి ఆపి చూసింది. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది.

మర్నాడు ఆంజనేయులు ఫోన్ నుంచి మారెక్క మాట్లాడింది.

"అక్కా, నాది తప్పు. నీకు మాటిచ్చి..."

"తెలుసులే. ఆయప్ప చెప్పినాడు." మారెక్క గొంతు కటువుగా ఉంది. "నాకు ఆడ పానం పోయినట్లయింది పాపా. తెర మీద నన్ను నేనే సూసుకుంటి. లేసి పోతే అందరూ నన్నే సూస్తారని ఆడనే కూసుంటి."

"తిప్పయ్య చూసినాడా అక్కా?" అంది రూతు.

"మా మరిది సూడలే. ఎవురో ఫోన్ చేస్తే తల వంచుకొని మాట్లాడతా ఉండె. రేత్రి ఇంట్లో ఏం అడగలే. పొద్దున బువ్వ తిని చేనుకాడికి పోయినాడు."

"దేవుడా," అంది రూతు.

"మా చౌడి సూసింది."

"ఏమనింది అక్కా?"

"ఆడ ఏమీ అనలే. నా చేయి గట్టిగా పట్టుకున్న్యాది, ఇడిసిపెట్టలే. ఇంటికి వచ్చినంక గొర్రెల దొడ్డికాడ అడిగింది. 'మా, ఫోన్ చేసింది నువ్వేనా?' అని. పెండ్లి ఆగిపోయింది తన ఖర్మ బాగుండి అనుకుంటా ఉండిందంట," అంది మారెక్క. "అవునంటి. ఇద్దరం ఏడిస్తిమి."

రూతు కళ్లు తుడుచుకుంది. "మార్చిన సినిమా పంపిస్తా అక్కా. ఇంక యాడా నీ మొగం రాదు. వద్దంటే నీ మాటలు మొత్తం తీసేస్తా."

"తీయొద్దు," అంది మారెక్క వెంటనే. "ముందర నువ్వొచ్చి నాకు సూపియ్యి. నేను సూసినంకనే బయటికి పోవల్ల."

ఆ శుక్రవారం రూతు లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని కళ్యాణదుర్గం బస్సెక్కింది. దారి పొడవునా సంచిని ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.