ఎదురుగా కూచునే మనిషి

తిరుత్తణిలో కొండకు పోయే దోవలో గుర్నాథానికి పూజసామాన్ల అంగడి ఉండేది. అంగడి వెనకాలే ఇల్లు. ఆ ఇంట్లో అతని అక్క చెంగమ్మ ఇరవైరెండేళ్లుగా ఉంటోంది. మొగుడు పోయిన ఏడాదే తమ్ముడు పోయి పిల్చుకొచ్చినాడు. తిండికీ బట్టకూ ఎవరూ ఏ లోటూ చెయ్యలేదు. జ్వరమొస్తే మరదలు ఇంద్రాణి కషాయం కాచి ఇచ్చేది. ఒక్కటే, పొద్దున తమ్ముడు అంగడి తీసేదాకా చెంగమ్మ వెనకగది దాటి వచ్చేది కాదు. రావద్దని ఆమెతో ఎవరూ అన్నది లేదు. వచ్చిన కొత్తల్లో ఒకటి రెండుసార్లు ఎదురుపడితే గుర్నాథం లోపలికి మళ్లి, కాసేపు కూచుని, మంచినీళ్లు తాగి బయల్దేరినాడు. ఆమెకు అదే చాలింది. అప్పట్నుంచి ఆ గదిలో కూచుని అంగడికి విభూతి పొట్లాలు కడుతూ వచ్చింది. ఆమెతో పనుంటే ఎవరైనా గడప అవతల నిలబడి, పొట్లాల దిక్కు చూస్తా చెప్పి పోయేవాళ్లు.

డెబ్బై ఎనిమిదిలో, మార్గళి నెల చలిలో, గుర్నాథం కూతురు కాంచన పళ్లు తోముకుని పుక్కిలిస్తే నీళ్లన్నీ నోటి కుడిమూల నుంచి గౌను మీదికి కారిపోయినాయి. తొమ్మిదేళ్ల పిల్ల. ఇంద్రాణి వచ్చి చూస్తే నోరు ఎడమకు లాక్కుపోయి ఉంది, కుడికన్ను మూసుకోవడం లేదు. గాలి సోకిందన్నారు పక్కింటివాళ్లు. రెండురోజులు మంత్రం వేయించినారు, తాయెత్తు కట్టించినారు. అన్నం తింటుంటే మెతుకులు కుడిబుగ్గలోనే ఉండిపోతున్నాయి. మూడోరోజు గుర్నాథం కూతుర్ని తిరువళ్ళూరు పెద్దాస్పత్రికి తీసుకుపోయినాడు. ఇంద్రాణికి చంటిబిడ్డ ఉంది గనక తోడుకు అక్కను రమ్మన్నాడు.

డాక్టరు చూసి, మొగానికి పోయే నరం వాచిందనీ, పిల్లల్లో ఎక్కువమందికి నయమైపోతుందనీ చెప్పి, మాత్రలూ కంట్లోకి చుక్కలూ రాసినాడు. నిద్రపోయేటప్పుడు ఆ కన్ను మూసి పట్టీ అంటించమన్నాడు. తర్వాత మొగానికి కసరత్తు నేర్పించే గదికి పంపించినాడు. ఆ గదిలో సుందరవల్లి అనే ఆమె ఉంది, ముప్ఫై ఏళ్లుంటాయేమో. వాళ్ల మాట విని, తమది తిరునిన్రవూరనీ, తమ ఇంట్లోనూ తెలుగేననీ చెప్పి, కాంచనను అద్దం ముందు కూచోబెట్టింది. పిల్ల అద్దంలో ఒక్కసారి చూసుకుని గౌను ఎత్తి మొగం కప్పేసుకుంది. ఎంత బుజ్జగించినా తియ్యలేదు.

సుందరవల్లి అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. అద్దం లేకుంటే మనిషన్నా ఎదురుగా కూచోవాలనీ, చేసి చూపిస్తుంటే పిల్ల చూసి చెయ్యాలనీ చెప్పి, ఇంట్లో ఎవరు కూచుంటారని అడిగింది. గుర్నాథం బిడ్డతల్లి సంగతి చెప్పబోతుండగా, నేను కూచుంటానంది చెంగమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

సుందరవల్లి ఆమెకే అన్నీ నేర్పించింది. గడ్డం నుంచి చెవి దాకా వేళ్లతో మెల్లిగా, బలం పెట్టకుండా నిమరాలి. కనుబొమ్మలు ఎత్తాలి, ముడెయ్యాలి, కళ్లు మూయాలి, ముక్కు ముడవాలి, పళ్లు చూపించాలి, పెదాలు సున్నా చుట్టాలి, బుగ్గల్లో గాలి పట్టాలి. ఒక్కొక్కటి ఐదుసార్లు. పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి. పొద్దున్నేనా అని గుర్నాథం అడిగినాడు. పొద్దున్నే, పిల్ల అలిసిపోకముందే అంది సుందరవల్లి.

ఆ సాయంత్రం వంటింట్లో ఇంద్రాణి మొగుడితో గొణుగుతుండడం వెనకగదిలోకి వినిపించింది. ఆడపిల్ల, లేస్తూనే వదిన మొగం చూడడమా అంటోంది.

"బిడ్డ మొగమే పోయినాక ఇంక శకునమేందే," అన్నాడు గుర్నాథం.

మొదటిరోజు చాప మీద ఎదురెదురుగా కూచున్నాక, ఇద్దరికీ కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెంగమ్మ కనుబొమ్మలు ఎత్తింది. కాంచనకు ఎడమది ఒక్కటే లేచింది. ముక్కు ముడిస్తే ఎడమపక్కే ముడత పడింది. బుగ్గల్లో గాలి పడితే కుడిమూల నుంచి పుస్సుమని పోయింది. ఆ చప్పుడుకు పిల్లకు నవ్వొచ్చింది. ఒంటిపక్క నవ్వు. చెంగమ్మకూ నవ్వొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాంచన ముందుకు వంగి ఆ చెయ్యి పట్టి లాగింది.

"చెయ్యి తియ్యత్తా, నాకు కనపడలే."

ఇరవైరెండేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ ఆమె మొగం కనపడాలని అడగలేదు.

తర్వాత తర్వాత కసరత్తు అయిపోయినా కాంచన లేచేది కాదు. చంటివాడి సంగతులు చెప్పేది. అత్త గడ్డం మీద మచ్చ ఎట్లొచ్చిందని అడిగేది. తిరువాలంగాడులో చిన్నప్పుడు బండి మీద నుంచి పడిన కథ చెంగమ్మ మూడుసార్లు చెప్పింది. పదిహేను రోజులకొకసారి గురువారంనాడు తమ్ముడు ఇద్దర్నీ రైలెక్కించుకుని అరక్కోణం మీదుగా తిరువళ్ళూరు తీసుకుపోయేవాడు. సుందరవల్లి చూసి, తొందర లేదు, చేస్తానే ఉండండి అనేది.

ఐదోవారంలో ఒకనాటి పొద్దున కుడి కనుబొమ్మ తోక రవంత అదిరింది. చెంగమ్మ మళ్లీ చెయ్యమంది. మళ్లీ అదిరింది. ఆమె గడప దాటి వంటింట్లోకి పరుగెత్తి ఇంద్రాణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆరోజు ఆమెకు కలిగిన సంతోషంలో ఏ కల్తీ లేదు. ఆ తర్వాత కన్ను మూతపడింది, ముక్కు ముడతపడింది. చలి తగ్గి మాసి నెల నడిమికొచ్చేసరికి కాంచన బుగ్గలు పూరించి పది లెక్కపెట్టేదాకా గాలి ఆపేస్తోంది.

బాగైపోయింది కదా వదినా అని ఇంద్రాణి అడిగింది.

ఇంకా రవంత ఉండాదంది చెంగమ్మ. అబద్ధం చెబుతున్నానని ఆమె అనుకోలేదు. పట్టి పట్టి చూస్తే పెదవి మూల ఏదో తేడా కనిపించేది. కాంచన మాత్రం బడికి పోయేముందు వీధిలో ఆడుకోవాలని చాప మీద కుదురుగా కూచునేది కాదు.

ఆఖరుసారి పోయినప్పుడు సుందరవల్లి అన్నీ చేయించి చూసి, పిల్లను తండ్రి దగ్గరికి బయటికి పంపించింది.

"రెండు వారాల ముందే బాగైనట్టుండాదే అమ్మా. మీకు తెలీలేదా?"

చెంగమ్మ పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ కూచుంది.

"ఇంకొక నెల చెయ్యమని చీటీలో రాసియ్యి తల్లీ," అంది.

"ఎందుకమ్మా?"

"ఊరికే. అలవాటైపోయినాది."

సుందరవల్లి కలం కింద పెట్టి ఆమెను చూసింది. ఆ చూపుకు చెంగమ్మ తలొంచుకుంది. పిల్లకు అవసరం లేనిది రాయలేనని సుందరవల్లి మెత్తగా చెప్పింది. లేచి గడపదాకా వచ్చి, అద్దం చూడనని ఏడ్చే పిల్లలు ఇక్కడికి వస్తానే ఉంటారనీ, వీలైతే ఎప్పుడన్నా రమ్మనీ అంది.

మర్నాడు కాంచన ఏడు దాకా నిద్రపోయి, హడావుడిగా బడికి పోయింది. గుర్నాథం కొండమీద మొక్కు తీర్చినాడు. ఇంద్రాణి వదినకు కొత్తచీర పెట్టింది. చెంగమ్మ నాలుగురోజులు వేళకు లేచి చాప పరిచింది, ఐదోరోజు చుట్టి మూల పెట్టింది.

ఏప్రిల్‌లో పెద్దపరీక్షలు వచ్చినాయి. మొదటిరోజు, పిల్ల బడికి పోయిందనుకుని చెంగమ్మ నీళ్లకోసం నడవలోకి వచ్చింది. కాంచన అట్ట చంకలో పెట్టుకుని వాకిలి దాటబోతూ ఆగింది. కాస్త కూచోని నీళ్లు తాగి పొమ్మని వంటింట్లోంచి ఇంద్రాణి మెల్లిగా చెప్పింది. పిల్ల అత్త దిక్కు చూసింది. కనుబొమ్మలు ముడిపడినాయి. కుడిదీ ఎడమదీ ఒక్క తీరుగా ముడిపడినాయి. చెంగమ్మ కళ్లకు మొదట అదే కనిపించింది, ఎంత బాగా కుదిరిందని మనసులో అనుకుంది కూడా. పిల్ల వెనక్కి తిరిగి కూచుని, గుక్కెడు నీళ్లు తాగి పోయినాకనే మిగతాది ఆమెకు తగిలింది. బిందె అక్కడే వదిలేసి గదిలోకి వచ్చేసింది.

ఆ గురువారం, తిరువళ్ళూరులో వీరరాఘవస్వామిని చూసి వస్తానని మరదలికి చెప్పి, చెంగమ్మ జన్మలో మొదటిసారి ఒంటరిగా రైలెక్కింది. ఆస్పత్రిలో ఆ గది తలుపు తీసే ఉంది. లోపల ఎవరో చిన్నవయసాయన కూచుని ఉన్నాడు. సుందరవల్లికి పోయిన నెలే చెంగల్పట్టుకు బదిలీ అయిందని అరవంలో చెప్పి, పేషెంటు ఎవరమ్మా, చీటీ ఉందా అని అడిగినాడు. పేషెంటు ఎవరూ లేరంది చెంగమ్మ. మరి ఎందుకొచ్చినారని అడిగితే, ఏం లేదు నాయనా అని చెప్పి బయటి బల్లమీద కూచుంది. ఎండ కాళ్లమీదికి వచ్చేదాకా కూచుని లేచింది. గుడికి పోతే మధ్యాహ్నం కాబట్టి తలుపులు మూసి ఉన్నాయి.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టినారు. దర్శనం బాగైందా అని ఇంద్రాణి అడిగింది. బాగైందంది. కాంచన తిన్నె మీద లెక్కలు చేసుకుంటా తల ఎత్తలేదు. రేపు కొండమీద కృత్తిక, జనం బాగా వస్తారు, రెండువందల పొట్లాలన్నా కావాలక్కా అని గడప అవతల నుంచి గుర్నాథం చెప్పి పోయినాడు. చెంగమ్మ కాళ్లు కడుక్కుని, విభూతి పళ్లెం ముందుకు లాక్కుంది.