ఎడమ వైపు కుర్చీ

బస్టాండులో అతన్ని అందరూ మైకు అనేవాళ్లు. ఏ బస్సు ఏ గేటు దగ్గర ఆగుతుందో, ఎవరి సంచి దొరికిందో పంతొమ్మిదేళ్లుగా ఆ గొంతే చెప్పేది. డ్యూటీ దిగినా ఆ గొంతుకు సెలవు లేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ మొదలుపెడితే పడుకునేదాకా గుక్క తిప్పుకునేవాడు కాదు. భార్య ఊ కొడుతూ ఉండేది. "మాకు దాపరికాలు లేవు, అన్నీ మాట్లాడుకుంటాం" అని తోటివాళ్ల దగ్గర గొప్పలు పోయేవాడు.

చివరికి గొంతులో కాయలు లేచాయి. డాక్టరు లైటు వేసి చూసి, "పది రోజులు నోరు విప్పొద్దు. గుసగుస కూడా పనికిరాదు" అన్నాడు.

మొదటి రెండు రోజులు ఒంటి మీద జెర్రులు పాకినట్టు గడిచాయి. చెప్పాలనుకున్నది కూతురి పాత నోటుబుక్కులో రాసేసరికి ఆ మాట వేళ దాటిపోయేది. మూడో రోజు పొద్దున ముగ్గురూ టిఫినుకు కూర్చున్నారు. ఎప్పటిలాగే కిటికీ పక్కన, భార్యకు ఎడమ వైపు అతని కుర్చీ. చేసేదేమీ లేక వాళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

కూతురు లేచింది. టేబులు చుట్టూ తిరిగి తల్లి కుడి భుజం దగ్గరికి వెళ్లి, "అమ్మా, నా యూనిఫాం ఆరిందా?" అంది. కాసేపటికి పక్కింటావిడ వచ్చింది. ఆవిడా అంతే. ఇటు ఖాళీ ఉన్నా అటే వెళ్లి నిలబడి మాట్లాడింది.

ఆవిడ వెళ్లాక అతను నోటుబుక్కు ముందుకు తోశాడు. 'అందరూ అటే వెళ్తారేం?'

భార్య చదివి మామూలుగా అంది. "ఇటు చెవి వినపడదు కదండీ."

అతనికి ముందు బుర్రకెక్కలేదు. ఏ చెవి అన్నట్టు వేలు చూపించాడు. ఆమె ఎడమ చెవి తట్టుకుంది.

'ఎప్పటినుంచి?'

"ఈ ఇంట్లోకి మారిన ఏడాది నాకు జ్వరం వచ్చింది చూడండి, అప్పుడు పోయింది. పదకొండేళ్లు."

పదకొండేళ్లు అదే కుర్చీ. మంచం మీదా అదే పక్క. ఏదో అరవబోయి నోరు తెరిచాడు. కూతురు గభాలున వచ్చి అరచేత్తో మూసేసింది.

నోటుబుక్కు లాక్కుని రాశాడు. 'నాకెందుకు చెప్పలేదు?'

"చెప్పాను. రెండుసార్లు." ఆమె గొంతులో కోపం లేదు. అదే అతన్ని కోసేసింది. "మొదటిసారి మీ కొత్త మేనేజరు సంగతి చెబుతున్నారు. 'ఆగు, అసలైంది ఇక్కడే ఉంది' అన్నారు. రెండోసారి 'మంచిది, మంచిది' అన్నారు. ఇంక పక్కింటావిడని తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. నరం దెబ్బతింది, ఇక రాదన్నాడు."

మంచిది, మంచిది. అతను మళ్లీ పెన్ను అందుకున్నాడు.

'మరి రోజూ ఊ ఎలా కొట్టావు?'

"సగం మాటలు అందేవి కావు. మీ పెదాలు ఆగినప్పుడల్లా కొట్టేదాన్ని."

కూతురు కిసుక్కున నవ్వి, తండ్రి ముఖం చూసి పెదవి కొరుక్కుంది.

అతను లేచి కుర్చీని మోసుకెళ్లి కుడి వైపు వేసుకున్నాడు. అక్కడ కూర్చుని రాశాడు. 'నేను విననివి ఇంకేమున్నాయి?'

ఆమె గోడ గడియారం చూసింది. లాండ్రీలో పనికి వెళ్లే వేళైంది. అయినా లేవలేదు.

"నాలుగేళ్ల కిందట నన్ను సూపర్‌వైజరుగా ఉండమన్నారు. ఆ మిషన్ల రొదలో ఒక్క చెవితో ఫోన్లు ఎత్తలేనని వద్దన్నాను. ఆ రోజు బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. మీరు బయటినుంచి ఎవరికో బస్సు తప్పిపోయిన కథ చెబుతున్నారు."

ఆ కథ అతనికి బాగా గుర్తుంది. పది మందికి చెప్పి నవ్వించాడు. పెన్ను పక్కన పెట్టేశాడు. ఆమె ఇంకా చాలా చెప్పింది. ఆ రోజు పనికి గంట ఆలస్యంగా వెళ్లింది.

పది రోజులయ్యాక గొంతు వచ్చింది. బస్టాండులో మళ్లీ అతనే మైకు. ఇంట్లోనూ పూర్తిగా మారాడని చెప్పలేం, మధ్యలో అందుకుంటూనే ఉంటాడు. అప్పుడామె, "ఆగండి, నాది ఇంకా అవలేదు" అంటుంది. ఆ మాట విన్న ప్రతిసారీ అతను ఉలిక్కిపడి ఆగిపోతాడు.