బాబాయి నింపిన ఫారం

నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీలిచ్చే సేవాసంస్థ కోసం ఆమె ఒక వెబ్‌సైట్ తయారుచేసి, ముందుగా ఫోనులో తెరిచి బాబాయి చేతికిచ్చింది. ఆయనకు చూపు పోయి రెండేళ్లయింది. తెరమీద ఉన్నదాన్ని ఫోనే చదివి వినిపిస్తుంది.

ఫోను "బొమ్మ, బొమ్మ, బటన్, బటన్" అని వల్లెవేసింది.

"ఏ బటన్ దేనికమ్మా? నీ సైటు నాతో దాగుడుమూతలాడుతోంది," అన్నాడు బాబాయి.

ఆమె మొహం చిన్నబోయింది. రంగుల మీద పెట్టిన ధ్యాసలో ఈ సంగతి తట్టనే లేదు. వారం రోజులు కూర్చుని ప్రతి బటన్‌కూ పేరు పెట్టింది, ప్రతి ఫోటోలో ఏముందో మాటల్లో రాసింది.

ఆదివారం బాబాయి మళ్లీ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "కొత్త కుర్చీలో మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకున్న అవ్వ" అని వినగానే నవ్వాడు. ఆ తర్వాత ఎవరినీ సాయం అడక్కుండా చాలాసేపు ఏదో నింపుతూ ఉండిపోయాడు.

సాయంత్రానికి ఆమెకు సైటు నుంచి మొదటి ఫారం అందింది. "ముప్పై ఏళ్లు సైకిళ్లు బాగుచేశాను. చక్రం వంకర పోతే నా వేళ్లకు తెలుస్తుంది. పాడైన కుర్చీలు నాకు పంపండి" అని ఉంది.

"నాతో ఒక్క మాటైనా అనలేదేం బాబాయ్?"

"సైటులో చెప్పానుగా."

ఆమెకు కడుపు నిండినట్టయింది. రెండ్రోజుల్లో బాబాయి ఇంటి వరండాలో మూడు పాత కుర్చీలు దిగాయి.